ఆస్తిహక్కుల పరిభాషానువాదము : జీడిమెట్ల దస్తావేజుల నుండి ఒక విమర్శ

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున నున్న జీడిమెట్ల నేడు కర్మాగారములకు పేరుపడిన ప్రదేశము. కాని ఆ కర్మాగారముల క్రిందను, వాటి చుట్టును లేచిన ఇండ్ల క్రిందను ఒకప్పుడు ఉన్నవి పట్టా చేలును, బంజరులును, చెరువు శికములును. ఊరి భూమి పరిశ్రమల భూమి యైనది. దాని పొరుగు నేల ఇండ్ల స్థలమైనది. ఇండ్ల స్థలము అంతస్తుల భవనమైనది. భూమి మారినప్పుడెల్ల దానిని గూర్చి వ్రాసిన కాగితపు భాషయు మారినది. ఇట్టిచోట ఒక సర్వే నంబరు పూర్వోత్తరములు తెలిసికొనగోరువాడు ముందుగా నిజాము కాలపు సేత్వారును చూడవలెను. అందలి భాష ఉర్దూ. పదములు పారసీకములు, అరబ్బీలు. పిమ్మట 1954-55 నాటి ఖాస్రా పహాణీ. పిమ్మట తెలుగు క్రయపత్రము. అందు సగము సంస్కృత సమాసములు. చివర బ్యాంకువారి తనఖా కాగితములు, అవి ఇంగ్లీషు. ఈ కాగితముల కట్టనే జనులు 'లింకు డాక్యుమెంట్లు' అందురు. ఆ లంకెలో ప్రతి ముడియు ఒక అనువాదము.

ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచినది ఆ ముడులనే. ఇంగ్లాండు న్యాయస్థానముల తీర్పులనుండి పెరిగి, మన దేశమునకు శాసనరూపమున వచ్చిన న్యాయ సంప్రదాయమునకు 'కామన్ లా' అని పేరు. అందలి ఆస్తిహక్కుల పదములను తెలుగు చేయుటలో చిక్కు ఎక్కడ నున్నదని అడిగినచో, మన భాషలో తగిన మాటలు లేకపోవుటయే చిక్కు అని సాధారణముగా చెప్పుదురు. పరిభాషా నిర్మాణమును గూర్చిన చర్చలన్నియు చాలవఱకు ఈ లేమి చుట్టే తిరిగినవి. మా అభిప్రాయము వేఱు. లేని మాట వలన కలుగు నష్టము స్వల్పము. ఉన్న మాట వలన కలుగు నష్టమే అధికము. తెలియని మాట ఎదురైనచోట చదువరి ఆగును, అడుగును, నిఘంటువు చూచును. తెలిసిన మాట ఎదురైనచోట ఆగడు. తనకు తెలిసిన అర్థముతోనే ముందుకు సాగిపోవును. భూమి పోవునది అచ్చటనే.

ఇది మనకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. కామన్ లాకు స్వంత భాష ఇంగ్లీషని మనము అనుకొందుము. ఆ ఇంగ్లీషు పదములే ఒకప్పటి ఫ్రెంచి పదములు. 1066లో నార్మనులు ఇంగ్లాండును జయించిన పిమ్మట శతాబ్దముల కొలది న్యాయవాదుల భాష ఒక విధమైన ఫ్రెంచి. 'టెనెంటు', 'ఎస్టేటు', 'మార్ట్‌గేజి', 'లీజు', 'ఈజ్‌మెంటు' అను మాటలన్నియు ఆ దారినే వచ్చినవి. న్యాయస్థానములలో వాదములు ఇంగ్లీషున జరుగవలెనని 1362లో ఒక శాసనము చేసిరి. ఆ శాసనమును వ్రాసినది ఫ్రెంచిలోనే. పదునైదవ శతాబ్దమున లిటిల్టన్ భూమి హక్కులపై రచించిన గ్రంథము ఆ న్యాయ ఫ్రెంచిలోనిదే; దానికి కోక్ ఇంగ్లీషు వ్యాఖ్యానము 1628లో వెలువడినది. లాటిను, ఫ్రెంచి రికార్డులు న్యాయస్థానములనుండి నిలుకడగా తొలగినది 1731 నాటి శాసనము 1733లో అమలునకు వచ్చినప్పుడు. అనగా ఇంగ్లీషువారు తాము అనువదింపలేని మాటలను అట్లే నిలుపుకొని, వాడి వాడి తమవి చేసికొనిరి.

అయిదారు శతాబ్దముల తరువాత ఆ మాటలను తిరిగి ఫ్రెంచి చేయవలసిన అవసరము కెనడాలో కలిగినది. అచ్చటి క్విబెక్ రాష్ట్రమున ఆస్తి విషయములలో ఫ్రెంచి సంప్రదాయపు సివిల్ న్యాయము నడచును. పొరుగున నున్న న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రములో ఫ్రెంచి మాటలాడు జనులు అనేకులున్నను, అమలులో నున్నది కామన్ లా. 1969లో ఆ రాష్ట్రము రెండు భాషలను అధికార భాషలుగా గుర్తించినది. 1978లో మాంక్టన్ విశ్వవిద్యాలయమున కామన్ లాను ఫ్రెంచిలో బోధింప నారంభించిరి. మఱుసటి యేడు న్యాయానువాద పరిభాషా కేంద్రము ఏర్పడినది. పుట్టుక ఫ్రెంచిదే యైన మాటలను ఫ్రెంచిలోనికి తెచ్చుట సులభమని తోచవచ్చును. ఆ పండితులకు అదియే కష్టమైనది. 'టెనెంటు' అనునది ఫ్రెంచి ధాతువునుండి పుట్టిన మాట. దాని మూలార్థము పట్టుకొని యుండువాడు. ఇంగ్లీషు సిద్ధాంతమున భూమికి పరమస్వామి రాజు. ప్రజలందఱు ఆయన వలన భూమిని పట్టుకొని యుండువారే. కావున సంపూర్ణ హక్కు గలవాడును ఆ న్యాయమున 'టెనెంటే'. అద్దెకున్నవాడును 'టెనెంటే'. నేటి ఫ్రెంచిలో వాడుకలో నున్న 'లొకతేర్' అను మాట అద్దెదారునకు మాత్రమే చెల్లును. 'జాయింట్ టెనెన్సీ' అనగా ఇద్దఱు యజమానుల ఉమ్మడి హక్కు. దానిని 'లొకతేర్' మాటతో అనువదించినచో యజమానులు అద్దెదారులగుదురు. అందుచేత వారు చేతి కందిన మాటను విడిచి, 'తెనాన్స్' అను మాటను పూని 'తెనాన్స్ కొంజ్వాంత్' అని స్థిరపఱచిరి. సాధారణ ఫ్రెంచి చదువరికి అది వింతగా వినబడును. వినబడవలెననియే వారి ఉద్దేశము.

ఈ ఉదాహరణమును జీడిమెట్లకు తెచ్చి చూతము. తెలంగాణమున 'టెనెంటు' అనగానే నోటికి వచ్చు మాట కౌలుదారు. ఆ మాట ఇచ్చట చరిత్ర గల మాట. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము రక్షిత కౌలుదారు అను వర్గమును గుర్తించి, దున్నువానికి భూమిపై బలమైన హక్కు నిచ్చినది. 'రక్షిత కౌలుదారు' అను మాట పహాణీలో నున్నదా లేదా అనుదానిపై నేటికిని వ్యాజ్యములు నడచును. అట్టి నేలపై 'టెనెంట్స్-ఇన్-కామన్' అను ఇంగ్లీషు పదబంధమును 'ఉమ్మడి కౌలుదారులు' అని తెలుగు చేసినచో కలుగు ఫలితమేమి? భూమిని కొన్న అన్నదమ్ములు కౌలునకు దున్నువారగుదురు. ఎవరో కనబడని యజమాని కాగితములో పుట్టుకొనివచ్చును. పదమునకు పదము సరిపోయినది, భూమికి యజమాని తప్పినాడు.

ఈ రెండు ఉమ్మడులకు మేము సూచించు తెలుగు సామాన్యమైనది. 'జాయింట్ టెనెన్సీ'లో ఎవరికిని ప్రత్యేకమైన వాటా లేదు. ఒకరు మరణించినచో మిగిలినవారికే అంతయు చెందును. 'టెనెన్సీ-ఇన్-కామన్'లో ప్రతివానికి తన వాటా కలదు. అది వాని వారసులకు పోవును. మొదటిది 'వాటా లేని ఉమ్మడి', రెండవది 'వాటా గల ఉమ్మడి'. రైతు ఇంట వినబడు మాటలే ఇవి. ఇందు స్వామి ఎవడో తెలియును. ఎవని తరువాత ఎవనికి పోవునో తెలియును. సంస్కృత సమాసము కట్టవలసిన పని లేదు.

వాటా మాట వచ్చినది గనుక అంతస్తుల భవనముల సంగతియు ఇచ్చటనే చెప్పదగును. నేడు నగరమున ఇల్లు కొనువానికి గోడల మధ్య గదులును, వానితోపాటు భూమిలో కొన్ని గజముల విభజింపబడని వాటాయు చెందును. ఈ వాటాను తెలుగు దస్తావేజులలో 'విభజింపబడని వాటా' అనియు, 'అవిభాజ్యపు వాటా' అనియు వ్రాయుచుందురు. రెండును ఒకటే యని వ్రాయువారి తలంపు. వ్యాకరణము తెలిసినవాడు అట్లనుకొనజాలడు. అవిభక్తము అనగా విభజింపబడనిది. అవిభాజ్యము అనగా విభజింప వీలులేనిది. మొదటిది స్థితిని చెప్పును, రెండవది నిషేధమును చెప్పును. భవనము పాతబడి కూల్చినపుడు ఆ భూమిని పంచుకొనవచ్చునా కూడదా అను ప్రశ్న వచ్చిననాడు ఒక కృత్ప్రత్యయము సాక్ష్యమిచ్చునదిగా మారవచ్చును. తెలుగు శాఖలవారు న్యాయపరిభాషను తమది కాని విషయముగా భావింపరాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఇంతవఱకు ఇంగ్లీషునుండి తెలుగునకు వచ్చుదారిని చూచితిమి. ఎదురుదారి మఱింత ప్రమాదకరము. రాజ్యాంగపు 348వ అధికరణము ననుసరించి, పార్లమెంటు వేఱు విధమున ఏర్పాటు చేయువఱకు, సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారము ఇంగ్లీషున జరుగవలెను. కావున ఉర్దూ, తెలుగు కాగితములు ఇంగ్లీషు అనువాదముతోనే అచ్చటికి పోవును. కబ్జా అను మాటను తీసికొందము. అరబ్బీనుండి పారసీకము ద్వారా వచ్చిన ఈ మాటకు స్వాధీనము, చేతిలో నుండుట అని అర్థము. నిజాము కాలపు రెవెన్యూ భాషలో అది నిందాపదము కాదు. పాత పహాణీలో కబ్జాదారు అనగా ఆ నేల ఎవని స్వాధీనమున నున్నదో వాడు. పట్టాదారే కబ్జాదారు కావచ్చును, కౌలుదారు కావచ్చును. ఇటీవలి దశాబ్దములలో పత్రికల తెలుగున ఈ మాటకు దుర్గతి పట్టినది. భూకబ్జా అనగా పరుల భూమిని దౌర్జన్యముతో ఆక్రమించుట. నేటి అనువాదకుడు ఆ పాత కాగితములోని కబ్జాదారును నేటి పత్రికార్థముతో ఇంగ్లీషు చేసినచో, తాత తండ్రులనుండి దున్నుకొన్నవాడు ఆక్రమణదారుగా న్యాయస్థానమున నిలుచును. మన స్మృతులు లిఖితము, భుక్తి, సాక్షులు అని మూడు ప్రమాణములను చెప్పినవి. భుక్తికి సాక్ష్యమైన మాటయే భుక్తిని దోషముగా చూపుట కంటె విపరీతము వేఱొకటి లేదు.

శికము అను మాట చరిత్రయు ఇట్టిదే. పారసీకమున శికమ్ అనగా కడుపు. చెరువు కడుపు, అనగా నీరు నిలుచు నేల, చెరువు శికము. ఆ మాటనుండియే షిక్మీదారు అను మాట వచ్చినది. పట్టాదారు హక్కు కడుపులో ఇమిడిన హక్కు గలవాడని భావము, అనగా ఉపకౌలుదారు. తెలుగున దీనిని 'శిఖము' అని వత్తక్షరముతో వ్రాయుట అలవాటైనది. ఆ వత్తు వలన మాట శిఖకు, శిఖరమునకు చుట్టమై, కడుపు తలకెక్కినది. చెరువుల పొరుగున పెరిగిన జీడిమెట్ల వంటి చోట్ల ఏది శికము, ఏది పట్టా అనునది ఇల్లు నిలుచుటకును కూలుటకును కారణము. మాట మూలము తెలిసినచో నేల స్వరూపము తెలియును. నీరు నిలువవలసిన కడుపని తెలిసిన పిమ్మట అచ్చట ఇల్లు కట్టువాడు తెలిసియే కట్టినట్లగును.

ఇక తనఖా. ఇంగ్లీషు 'మార్ట్‌గేజి' అను మాట రెండు ఫ్రెంచి మాటల కూడిక. చచ్చిన కుదువ అని దాని అక్షరార్థము. ఋణము తీర్పనిచో భూమి ఋణస్థునకు చచ్చినట్లే, తీర్చినచో ఋణదాతకు చచ్చినట్లే యని లిటిల్టన్ వివరించెను. తెలుగున దీనికి మాటల కఱవు లేదు. కుదువ, తాకట్టు, తనఖా, ఆధి అని నాలుగు కలవు. వీనిలో ఆధి యనునది ధర్మశాస్త్ర పదము. యాజ్ఞవల్క్యస్మృతి ఆధిని గూర్చి సూక్ష్మమైన భేదములు చెప్పినది: అసలు రెట్టింపైనను విడిపింపని ఆధి నశించును, కాలము నియమించిన ఆధి ఆ కాలమునకు నశించును, ఫలము ననుభవించు ఆధి నశింపదు. నశించుట అనగా ఋణస్థునకు దానిపై హక్కు పోవుట. స్మృతికారుని నశించుటకును, ఇంగ్లీషువాని చచ్చుటకును గల పోలిక చూచి, రెండును ఒకటే యని సంతసింపబుద్ధి పుట్టును. ఆ సంతసమే మోసము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమున ఋణస్థుని విమోచన హక్కు 60వ సెక్షనులో కలదు. గడువు దాటినంత మాత్రమున అది పోదు. తనఖా పత్రములో గడువు దాటిన భూమి పోవునని వ్రాసికొన్నను ఆ వ్రాత హక్కును చంపజాలదు. ఆధి యని అనువదించి, ఆధి నశించునను స్మృత్యర్థమును చదువరి మనస్సున నిలిపినచో, చట్టము ఇచ్చిన రక్షణము మాటలోనే పోవును.

మనకు న్యాయగ్రంథానువాదము క్రొత్త కాదు. పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయముగా తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తిక్కనకు దశకుమారచరిత్రమును అంకితమిచ్చినవాడును, తెలుగునకు ఆంధ్రభాషాభూషణమను వ్యాకరణమును వ్రాసినవాడును ఆయనయే. వ్యాకరణము వ్రాసిన చేయి వ్యవహారకాండమును తెలుగు చేయుట మన సాహిత్యచరిత్రలో గర్వింపదగిన సంగతి. కాని కేతన కొక సౌకర్యము కలదు. మూలము సంస్కృతము, లక్ష్యము తెలుగు, న్యాయము ఒకటే. ఆధి యని సంస్కృతమున చదివినవాడును, కుదువ యని తెలుగున పలికినవాడును ఒకే ధర్మమునకు లోబడినవారు. నేటి అనువాదకునకు ఆ సౌకర్యము లేదు. భాషతోపాటు న్యాయమును మారుచున్నది. కేతన మార్గమున ఆయన పదములను మాత్రము తెచ్చుకొని, ఆయనకు గల సౌకర్యము మనకు లేదని మఱచుటయే మన పరిభాషాకర్తలు తఱచుగా పడుచున్న పొరపాటు.

బ్యాంకులలో వాడు 'ఈక్విటబుల్ మార్ట్‌గేజి' అను మాటయు గమనింపదగినది. ఇల్లు కొనుటకు అప్పు తీసికొన్నవాడు దస్తావేజులను బ్యాంకున ఉంచును. ఇంగ్లాండున ఇట్టి తనఖా 'ఈక్విటీ' అను వేఱొక న్యాయశాఖ వలన మాత్రమే నిలిచినది గనుక దాని కాపేరు. మన చట్టపు 58వ సెక్షను దానిని దస్తావేజులు నిక్షేపించుట వలని తనఖాగా పేర్కొని ఆఱు విధముల తనఖాలలో ఒకటిగా లెక్కించినది. 'ఈక్విటబుల్' అను విశేషణమును సమన్యాయమనియో ధర్మమనియో తెలుగు చేయుట ఇచ్చట వ్యర్థము. మన చట్టమున లేని భేదమును అది తెచ్చిపెట్టును. 'దస్తావేజుల తనఖా' అన్నచో చాలును. చేసిన పని పేరే దాని పేరు.

ఇప్పుడు మిక్కిలి ముఖ్యమైన భాగమునకు వచ్చుచున్నాము. మన క్రయపత్రములలో 'పుత్రపౌత్ర పారంపర్యముగా' అనుభవింపవలసినదని వ్రాయుట పూర్వాచారము. శాసనములలోని దానవాక్యముల ఛాయ ఇందు కనబడును. దీనిని ఇంగ్లీషున పదమునకు పదముగా దింపినచో కొడుకులకు, మనుమలకు మాత్రమే చెందునని తేలును. కూతురు వెలుపల నిలుచును. ఈ మాటకు సరియైన సామ్యము ఇంగ్లీషు దస్తావేజులలోనే కలదు. పూర్వము అచ్చట 'ఫలానివానికిని వాని వారసులకును' అని వ్రాయనిదే సంపూర్ణ హక్కు సంక్రమింపదు. అయినను ఆ మాటల వలన వారసులకు ఏమియు చెందదు. హక్కు ఎంతవఱకు నిలుచునో కొలుచుటకే ఆ మాటలు. 'పుత్రపౌత్ర' అను మాటయు అట్టి కొలతయే. 1881లో ప్రివీ కౌన్సిలు రామలాల్ ముఖర్జీ వ్యాజ్యమున వంగదేశపు 'పుత్రపౌత్రాది క్రమే' అను పదబంధమును ఈ దృష్టితోనే చూచి, అది వంశానుగతమైన సంపూర్ణ హక్కును తెలుపునదియే కాని ఆడువారిని తొలగించునది కాదని నిర్ణయించినది. 1872లో టాగోరు వ్యాజ్యమున, మగసంతతికే పోవునట్లు క్రొత్త వారసత్వ క్రమమును వీలునామాతో కల్పించుట హిందూ న్యాయమున చెల్లదని తేల్చియుండిరి. పుత్రశబ్దమునకు కొడుకనియే అర్థము చెప్పు అనువాదకుడు నిఘంటువును తప్పలేదు, కూతురి వాటాను తప్పించినాడు.

ఈ విషయమున ఇంగ్లీషువారి వలన మనకు సంక్రమించిన ఒక విచిత్రము కలదు. మితాక్షర కుటుంబమున పుట్టుకతో హక్కుగల మగవారి సమూహమునకు వారు 'కోపార్సెనరీ' అని పేరు పెట్టిరి. ఆ మాట వారి దేశమున ప్రధానముగా ఎవరిని చెప్పునది? కొడుకులు లేని తండ్రి భూమిని కలిసి పొందు కుమార్తెలను. కుమార్తెలకు పేరైన మాట సముద్రము దాటి వచ్చి, కుమార్తెలకు చోటులేని సమూహమునకు పేరైనది. ఆంధ్రప్రదేశ శాసనము 1985 సెప్టెంబరు 5 నుండి, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు ఆ హక్కు కల్పించినది. 2005లో కేంద్ర చట్టము కుమార్తెలందఱకును కల్పించినది. ఇన్ని యేండ్లకు మాట తన పుట్టింటి అర్థమును తిరిగి పొందినది. ఇట్టి తరుణమున 'కోపార్సెనరు'ను దాయాది యని తెలుగు చేయుట ఎంతవఱకు సమంజసము? దాయమును పొందువాడు దాయాది యను వ్యుత్పత్తి నిర్దుష్టమే. కాని తెలుగువాని చెవికి దాయాది యనగా గట్టు తగవులాడు పాలివాడు, పెదనాన్న కొడుకు. ఆడపడుచును దాయాది యని ఎవరును పిలువరు. వ్యుత్పత్తి ఇచ్చిన హక్కును వాడుక తీసికొనిపోవును. 'పుట్టుహక్కు భాగస్వామి' అనుట మేలు. కొడుకునకును కూతురునకును సమముగా చెల్లును.

ట్రస్టీకి ధర్మకర్త అను పేరు ఇట్టిదే. ఇంగ్లీషు ట్రస్టులో ఆస్తి ట్రస్టీ పేర నుండును. దాని ఫలము వేఱొకరిది. మన దేవాలయమున ఆస్తి దేవునిది. ధర్మకర్త నిర్వాహకుడు మాత్రమే. 1921లో విద్యావరుథి తీర్థుల వ్యాజ్యమున ప్రివీ కౌన్సిలు ఈ భేదమును స్పష్టము చేసి, మఠాధిపతియు ధర్మకర్తయు ఇంగ్లీషు అర్థమున ట్రస్టీలు కారని చెప్పినది. ఫ్రెంచిలోను ఇదే చిక్కు వచ్చినది. ట్రస్టును 'ఫిదూసి' అనిరి. న్యూ బ్రన్స్‌విక్‌లో ఆ మాటకు ఒక అర్థము, ఎవరికిని స్వామ్యము లేని ప్రత్యేకనిధిగా క్విబెక్‌లో మఱొక అర్థము, 2007లో ఫ్రాన్సు తన కోడులో చేర్చినపుడు వేఱొక అర్థము. మాట ఒకటి, న్యాయములు మూడు. మన యానాము అనుభవమును ఈ సందర్భమున స్మరింపదగును. 1954 వఱకు ఫ్రెంచి పాలనలోనుండి, 1962లో చట్టరీత్యా భారతదేశమున కలిసిన ఆ పట్టణమున తెలుగువారే ఫ్రెంచి సివిల్ కోడు నీడన నివసించిరి. చుట్టునున్న గోదావరి జిల్లా తెలుగువారు ఇంగ్లీషు న్యాయపు నీడన నివసించిరి. భాష ఒకటే యైనంత మాత్రమున హక్కు ఒకటి కాదు.

ఇందులకు రెండు ఆక్షేపణలు రావచ్చును. ఇంగ్లీషు పాఠమే ప్రమాణమైనపుడు తెలుగు పాఠము సౌకర్యమునకే గదా, అందు తప్పున్న నేమి యని మొదటిది. చట్టముల విషయమున ఇది కొంత నిజము. 1973 చట్టము ప్రాంతీయ భాషలలో కేంద్ర చట్టముల ప్రామాణిక పాఠములకు దారి తీసినను, నేటికిని న్యాయవాదులు చూచునది ఇంగ్లీషు పాఠమునే. కాని దస్తావేజుల విషయమున ఇది నిజము కాదు. సాదాబైనామా యైనను, రిజిస్టరైన క్రయపత్రమైనను, సంతకము చేసినవాడు చేసినది తెలుగు కాగితముపైననే. అతని తెలుగే మూలము. న్యాయస్థానపు ఇంగ్లీషు అనువాదము. రెండవ ఆక్షేపణ, ఇంత చిక్కైనచో ఇంగ్లీషు మాటలనే ఉంచరాదా యని. కొన్నిచోట్ల ఉంచవచ్చును. కెనడా ఫ్రెంచివారు 'ఈక్విటీ'ని, 'కామన్ లా'ను అట్లే ఉంచుకొనిరి. 'ఈజ్‌మెంటు'ను హిందీవారు సుఖాచారమనిరి. మన దస్తావేజులు బాట హక్కు, నీటి హక్కు, గాలి వెలుతురుల హక్కు అని విడివిడిగా చెప్పుచున్నవి, అదియే మేలు. అన్నింటిని ఇంగ్లీషునకు వదలినచో తన భూమిని గూర్చిన కాగితమును తాను చదువలేనివాడు పరుల నోటిని నమ్మవలసి వచ్చును. జీడిమెట్లలో కాగితము చదువలేక భూమి ఇచ్చినవాని మనుమడు నేడు ఆ భూమిపైని కర్మాగారమున కూలి చేయుచుండవచ్చును. ఆ స్థితిని అనువాదము ఒక్కటియే మాన్పజాలదు. మాన్పుటకు తన పాలు చేయకపోవుట మాత్రము దాని దోషమగును.

కావున ఆస్తిహక్కు పదమును తెలుగు చేయువాడు మాటను పట్టి మూడు ప్రశ్నలు వేయవలెను. ఈ మాట వలన భూమి ఎవని చేతిలో నుండును? ఎంతకాలము? అతని తరువాత ఎవనికి పోవును? మూలమున ఈ మూటికి వచ్చు సమాధానములే తెలుగునను వచ్చినచో అనువాదము నిలిచినది. ఒక్కదానికి తప్పినను, మాట ఎంత సొగసైనను, నిఘంటువులో ఎంత పాతదైనను, విడువవలసినదే. 1852లో బ్రౌను జిల్లా నిఘంటువును, 1855లో విల్సను రెవెన్యూ పదకోశమును ప్రకటించినపుడు వారు కచేరీలలో, దస్తావేజులలో బ్రతికియున్న మాటలను ఏరిరి. ఆ పని పరిపాలకుల అవసరమునకు జరిగినది. భూమి గలవారి అవసరమునకు జరుగవలసిన పని మిగిలియున్నది. సేత్వారులు, పహాణీలు, క్రయపత్రములు మండలముల వారీగా చదివి, ఒక్కొక్క మాట ఏ సంవత్సరమున ఏ అర్థమున వాడబడెనో గుర్తించు నిఘంటువు మనకు కావలెను. తెలుగుతోపాటు ఉర్దూ లిపి చదువగల పరిశోధక విద్యార్థులు నానాటికి తగ్గుచున్నారు, కాగితములును శిథిలమగుచున్నవి. ఈ కార్యమును న్యాయశాఖవారితో కలిసి తెలుగు శాఖలు చేపట్టునట్లు విజ్ఞులు ఆలోచింతురుగాక యని మా మనవి.